గేజి ముల్లు దగ్గర మొదలయ్యే రిపేరు

"మేస్త్రీ, స్టీరింగ్ బాగా టైటైపోయింది. పంపు పోయినట్టుంది, మార్చేయ్." విజయవాడ ఆటోనగర్‌లో పవర్ స్టీరింగ్ పని చేసే షెడ్డు ముందు కాసేపు నిలబడితే చాలు, బండి దిగుతూనే ఎవరో ఒకరు అనే మాట ఇది. పని తెలిసిన మేస్త్రి దానికి వెంటనే తల ఊపడు. "ఉండు తమ్ముడూ, ముందు గేజి పెట్టి చూద్దాం" అంటాడు. పంపు విప్పడానికి ముందు గేజి పెట్టడం చేతికి అలవాటైన మేస్త్రి చేతిలో మీ డబ్బుకు భద్రత ఉంటుంది. ఎందుకు అలా అంటున్నానో తెలియాలంటే, స్టీరింగ్‌లో ప్రెషర్ అనేది అసలు ఎక్కడ పుడుతుందో తెలియాలి.

అందరం పంపులో పుడుతుందనే అనుకుంటాం. పంపు చేసేది ఆయిల్‌ను తోయడం మాత్రమే. ఆ ఆయిల్‌కు దారిలో అడ్డు తగిలినప్పుడే ప్రెషర్ పుడుతుంది. అడ్డు ఎంత బలంగా ఉంటే ప్రెషర్ అంత ఎక్కుతుంది. పెరట్లో నీళ్ళ పైపు వదిలేస్తే నీళ్ళు మెల్లగా కారిపోతాయి, మూతికి వేలు అడ్డం పెట్టగానే వేలిని తన్నేస్తాయి. లోపల మోటారు మారలేదు, మారింది మూతి దగ్గర అడ్డు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పవర్ స్టీరింగ్ రిపేరులో సగం చిక్కుముళ్ళు వాటంతటవే విడిపోతాయి.

ఇంజిను బెల్టుతో తిరిగే ఈ పంపు నిమిషానికి ఆరేడు లీటర్ల ఆయిల్‌ను తోస్తుంది. బండి తిన్నగా పోతున్నప్పుడు ఆయిల్‌కు అడ్డేమీ లేదు. స్టీరింగ్ వాల్వు గుండా పోయి తిరిగి ఆయిల్ డబ్బాలోకే చేరుతుంది. అప్పుడు గేజి పెడితే ముల్లు అయిదారు బార్ల దగ్గరే ఊగుతుంటుంది. మనం స్టీరింగ్ చక్రం తిప్పగానే స్టీరింగ్ రాడ్డు అడుగున ఉన్న సన్నటి ఉక్కు కడ్డీ కొద్ది డిగ్రీలు మెలిపడుతుంది. దాన్నే టార్షన్ బార్ అంటారు. ఆ కొద్దిపాటి మెలికకే వాల్వులో ఒక పక్క దారులు తెరుచుకుంటాయి, రెండో పక్కవి మూసుకుంటాయి. టైర్లను పక్కలకు తిప్పే ర్యాక్‌లోని పిస్టనుకు ఒక వైపే ఆయిల్ చేరుతుంది. టైర్లు రోడ్డును పట్టుకుని కదలనంటాయి కాబట్టి ప్రెషర్ ఎక్కుతుంది. చేతి బలం పెరిగితే మెలిక పెరుగుతుంది, మెలిక పెరిగితే ప్రెషర్ పెరుగుతుంది. టైరు తిరిగి చేయి సడలించగానే కడ్డీ తన చోటికి వచ్చేస్తుంది, దారులన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి. కంప్యూటరూ సెన్సారూ లేకుండా, ఒక కడ్డీ మెలికతో చేతికెంత సాయం కావాలో అంతే అందించే ఈ ఏర్పాటు నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

బలం లెక్క పదో తరగతి పిల్లలకు కూడా వచ్చిందే. పాస్కల్ సూత్రం ప్రకారం మూసి ఉన్న ద్రవంలో ప్రెషర్ అన్ని వైపులా ఒకేలా పాకుతుంది. ప్రెషర్‌ను పిస్టను వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. 40 మిల్లీమీటర్ల బోరు, మధ్యలో 25 మిల్లీమీటర్ల రాడ్డు ఉన్న ర్యాక్ తీసుకుందాం. రాడ్డు పోగా పిస్టను మీద ఆయిల్ ఆనే చోటు ఏడున్నర చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఆగి ఉన్న కారు టైర్లను ఎండు రోడ్డు మీద తిప్పేటప్పుడు గేజి 70 బార్లు చూపితే, ర్యాక్‌ను తోసే బలం 500 కిలోలు దాటుతుంది. చక్రం మీద మన చేయి పెట్టేది రెండు మూడు కిలోల బలమే.

ఈ ఏర్పాటుకు దారి వేసినవాడు ఫ్రాన్సిస్ డేవిస్. అమెరికాలో పియర్స్ యారో లారీల విభాగంలో ఇంజనీరుగా పనిచేస్తూ, బరువు బళ్ళ చక్రం తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ చూశాడు. ఉద్యోగం మానేసి మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. ప్రెషర్‌ను ఎప్పుడూ బిగబట్టి ఉంచితే పైపులూ జాయింట్లూ కారిపోతాయి. వాల్వును తెరిచే ఉంచి, ఆయిల్‌ను నిరంతరం తిరగనిచ్చి, అవసరమైనప్పుడే అడ్డు పెట్టడం అతనికి తట్టిన మార్గం. 1926లో కారుకు బిగించి నడిపి చూపించాడు. కార్ల కంపెనీలు మెచ్చుకున్నాయి గానీ ఖర్చు చూసి వెనకాడాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాలకు వాడారు. మామూలు కొనుగోలుదారు దాకా వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో. అప్పటికి డేవిస్ పేటెంట్లు కొన్నిటికి గడువు కూడా తీరిపోయింది.

ఇక మేస్త్రి గేజి సంగతి. పంపు నుంచి స్టీరింగ్ బాక్సుకు పోయే లావు పైపు విప్పి మధ్యలో గేజి పెడతారు. గేజి తర్వాత ఒక వాల్వు, అంటే కుళాయి లాంటిది ఉంటుంది. ఇంజిను స్టార్ట్ చేసి ఆయిల్ బాగా వేడెక్కాక ఆ వాల్వును మూస్తారు. ఇప్పుడు ఆయిల్ బాక్సు దాకా పోలేదు, అడ్డు సంపూర్ణం. ముల్లు రివ్వున లేచి, పంపులో ప్రెషర్ హద్దు దాటనివ్వని రిలీఫ్ వాల్వు తెరుచుకునే చోట ఆగాలి. కార్లలో ఇది బండిని బట్టి 80 నుంచి 110 బార్ల దాకా ఉంటుంది, పెద్ద లారీల్లో 150 కూడా దాటుతుంది. మూసి ఉంచేది అయిదు సెకన్లకు మించకూడదు. మించితే పంపు తన వేడికి తానే పాడవుతుంది. తర్వాత వాల్వు తెరిచి స్టీరింగ్‌ను ఫుల్ లాక్‌కు, అంటే ఒక చివర దాకా, తిప్పి పట్టుకుంటారు. ముల్లు మళ్ళీ దాదాపు అంతే ఎక్కాలి.

మూసినప్పుడు ముల్లు లేవకపోతే తప్పు పంపుదో, దాని రిలీఫ్ వాల్వుదో, జారుతున్న బెల్టుదో. మూసినప్పుడు బాగా లేచి, ఫుల్ లాక్‌లో లేవకపోతే పంపు నిక్షేపంగా ఉంది, బాక్సులో సీళ్ళు అరిగి ఆయిల్ పిస్టనుకు అటునుంచి ఇటు జారిపోతోంది. ఈ రెండు కొలతలు చూడకుండా కొత్త పంపు వేసినవాళ్ళు ఎందరో. కొత్త పంపు వేసినా చక్రం అంతే బరువుగా ఉంటుంది, పాత పంపు మాత్రం తుక్కు కొట్టుకు చేరిపోతుంది.

గేజి పెట్టకముందే చెవీ చేయీ చెప్పేవి కొన్ని ఉన్నాయి. స్లోలో బరువుగా ఉండి, రేజింగ్ ఇస్తే తేలికవుతోందంటే పంపు అరిగిందనో బెల్టు జారుతోందనో అనుమానించాలి. ఒక వైపు తిప్పితేనే బరువంటే పంపు మీద నింద వేయకూడదు. రెండు వైపులా తోసేది అదే పంపు కదా! వాల్వు రింగుల్లోనో, ఆ వైపు ఆయిల్ పోయే దారిలోనో చూడాలి. తిప్పేటప్పుడు ఏడుపులాంటి సన్నటి మూలుగు వస్తే ఆయిల్‌లో గాలి చేరి ఉండవచ్చు. ఫుల్ లాక్‌లో బుస్సుమంటే మాత్రం కంగారు వద్దు, అది రిలీఫ్ వాల్వు తన పని చేసుకుంటున్న చప్పుడు. అలాగని అక్కడే పట్టుకుని కూర్చోవద్దు. నిమిషానికి 8 లీటర్ల ఆయిల్ 100 బార్ల దగ్గర వాల్వు గుండా దూరిపోతుంటే, ఇంజిను ఇచ్చే శక్తిలో 1,300 వాట్ల పైచిలుకు ఉత్త వేడిగా మారుతుంది. ఆ వేడికి ముందు బలయ్యేవి రబ్బరు సీళ్ళు.

గాలి తీసే పనిలోనే కుర్రాళ్ళ ఓర్పు తెలిసిపోతుంది. ముందు టైర్లు జాకీ మీద లేపి, ఇంజిను ఆపి ఉంచి, చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా చాలాసార్లు తిప్పాలి. డబ్బాలో ఆయిల్ దిగినకొద్దీ పోస్తూ ఉండాలి. తొందరపడి ముందే స్టార్ట్ చేస్తే పంపు ఆ గాలిని చిలికి నురగ చేస్తుంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. అలా తెల్లబడిన ఆయిల్ తేరుకోవడానికి గంటలు పట్టవచ్చు. గాలి నలుగుతుంది, ఆయిల్ నలగదు. అందుకే గాలి కలిస్తే తోపు మెత్తబడుతుంది. పని అయ్యాక మంచి మేస్త్రి డబ్బా మూత తీసి ఇంజిను ఆపమంటాడు. ఆపగానే ఆయిల్ మట్టం పైకి పొంగితే లోపల నలిగి ఉన్న గాలి విప్పుకున్నట్టు లెక్క. పని ఇంకా ఉంది.

ఆయిల్ విషయంలో మాత్రం సర్దుకుపోవడాలు వద్దు. ఎర్రటి ఆటోమేటిక్ గేర్ ఆయిల్ వాడే బళ్ళున్నాయి, ఆకుపచ్చది అడిగేవీ ఉన్నాయి. డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి. దారిలో దొరికిందని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్ళన్నీ ఉబ్బి చెడిపోతాయి.

కార్లలో ఈ ఆయిల్ స్టీరింగ్ తగ్గిపోతోంది. తిన్నగా పోతున్నా పంపు తిరుగుతూనే ఉండి ఇంజిను శక్తిని తింటుంది. 1988లో సుజుకి సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ స్టీరింగులో మోటారు అవసరమైనప్పుడే శక్తిని తీసుకుంటుంది. కానీ ముందు ఇరుసు మీద ఆరేడు టన్నులు మోసే లారీలూ, బస్సులూ ఇంకా ఎక్కువగా ఆయిల్ బలం మీదే తిరుగుతున్నాయి. కాబట్టి గేజి చదవడం వచ్చిన చేతికి ఇంకా చాలాకాలం పని ఉంటుంది.

ఆ లారీల్లోనే ఇంకో చిక్కు ఎదురవుతుంది. మూసినా, ఫుల్ లాక్‌లోనూ ముల్లు సరిగ్గానే ఎక్కుతుంది, చక్రం మాత్రం బరువు. బండి కదులుతూ కాస్త తిప్పినా ప్రెషర్ ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపుతుంది. ప్రెషర్ అడ్డు వల్ల పుడుతుందన్నది ఇక్కడ పనికొస్తుంది. అంటే అడ్డు ఆయిల్ దారిలో కాదు, టైర్ల దగ్గర ఉంది. అప్పుడు మేస్త్రి స్టీరింగ్ బాక్సును టైర్లతో కలిపే డ్రాగ్ లింక్ విప్పి, టైర్లతో సంబంధం లేకుండా చక్రం తిప్పి చూస్తాడు. తేలిగ్గా తిరిగితే స్టీరింగ్ బాక్సు జోలికి పోడు. ముందు ఇరుసు జాకీ మీద లేపి, టైరు పక్కలకు తిరిగే కీలైన కింగ్ పిన్ నిపిల్‌కు గ్రీజు గన్ను పెట్టి, ఎండిపోయిన పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొట్టమని కుర్రాడికి చెబుతాడు. అప్పటికీ పట్టేస్తుంటే కింగ్ పిన్నులూ బుష్షులూ విప్పుతాడు.