వస్త్రంపై వాక్యం: సాంకేతిక సమాజపు టీ షర్టు నినాదాలు - అనంతపురం నేపథ్యంలో ఒక విమర్శ

వస్త్రం మీద అక్షరం తెలుగువారికి కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ దేవాలయ వస్త్రాలలో పురాణ ఘట్టాల చిత్రాలను అంటిపెట్టుకొని తెలుగు వివరణలు పట్టీలుగా సాగుతాయి. బొమ్మను చూసేవారికి కథను అందించడమే ఆ అక్షరాల పని. సాంకేతిక సమాజం ధరించే టీ షర్టు మీది వాక్యం ఇందుకు ఎదురుగా నడుస్తుంది. కొందరికి అర్థం కాకపోవడమే దాని బలం. ఈ భేదాన్ని గుర్తించకుండా దానిని వ్యాపార ప్రకటనగానో, యువజన విలాసంగానో కొట్టివేయడం తొందరపాటు అవుతుంది.

ఈ జాతి వాక్యాలలో గౌరవించదగినవి ఉన్నాయి. 1995లో ఆడమ్ బ్యాక్ ఆర్‌ఎస్‌ఏ గూఢలిపి పద్ధతిని పెర్ల్ భాషలో కొద్ది పంక్తులకు కుదించాడు. బలమైన గూఢలిపి సాఫ్ట్‌వేర్‌ను ఆనాటి అమెరికా ఎగుమతి నిబంధనలు ఆయుధ సామగ్రిగా పరిగణించేవి. ఆ పంక్తులు టీ షర్టులకెక్కాయి. ఈ షర్టు ఆయుధమనీ, విదేశీయులకు చూపరాదనీ హెచ్చరిక కూడా తోడైంది. నిబంధనలోని తర్కాన్ని నిబంధన మెడకే చుట్టిన వ్యంగ్యం అది. 2000లో డీవీడీల రక్షణను ఛేదించే డీ-సీఎస్‌ఎస్ కోడును షర్టులపై ముద్రించి అమ్మిన కాపీలెఫ్ట్ సంస్థ ఏకంగా న్యాయస్థానంలో ప్రతివాది అయింది. ఇక్కడ వాక్యం అలంకారం కాదు, సాక్ష్యం. ధరించినవారు ఎంతో కొంత సాహసాన్ని కూడా ధరించారు.

ఆ సాహసం లేనిచోట మిగిలేది గడప మాత్రమే. ‘లోకంలో మనుషులు 10 రకాలు: ద్విసంఖ్యామానం తెలిసినవారు, తెలియనివారు’ అనే ప్రసిద్ధ చమత్కారం ఇందుకు ఉదాహరణ. ద్విసంఖ్యామానంలో 10 అంటే రెండు. చమత్కారం అంకెలో ఉంది కనుక తెలుగులోనూ చెక్కుచెదరదు. పైకి ‘పది’ అని చదివితే మాత్రం ఏ భాషలోనైనా చస్తుంది. ఇటువంటి నినాదాలు ఇంగ్లీషులోనే పండుతాయన్న వాదనకు ఆధారం లేదు. అయితే దాని అసలు లోపం భాష కాదు. తెలియనివారిని లెక్కించి పక్కన నిలబెట్టడం తప్ప అది మరేమీ చేయదు.

తెలుగు కొన్నిచోట్ల ఇంగ్లీషు కంటే ముందే గమ్యం చేరుతుంది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే మాటకు ఉచితమనీ, స్వతంత్రమనీ రెండర్థాలు. ఉచిత బీరు గురించి కాదు, వాక్స్వాతంత్ర్యం గురించి ఆలోచించండని రిచర్డ్ స్టాల్‌మన్ దశాబ్దాలుగా వివరిస్తూ వచ్చిన కారణం అదే. గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన సంస్థ ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకోవడంతోనే ఆ చిక్కు విడిపోయింది. ఒక్క మాట, రెండక్షరాలు. దాని కింద వివరణ ముద్రించనక్కరలేదు.

అనంతపురంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతంతో నెట్టుకొచ్చే ఈ పీఠభూమిలో 1946లో స్థాపితమైన ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 2008లో అది జేఎన్‌టీయూ అనంతపురం విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది. వేరుశనగ మోసం చేసిన ఏళ్ళలో రాయదుర్గం జీన్స్ కుట్టుపని, ధర్మవరం పట్టు మగ్గం, బెంగళూరు బస్సు ఇక్కడి కుటుంబాలకు దారులయ్యాయి. బట్ట గురించి ఇంతగా తెలిసిన నేల తక్కువ. పండుగకు ఇంటికి వచ్చిన ఇంజనీరు షర్టు కుట్టు గట్టిదో కాదో, రంగు నిలుస్తుందో లేదో ఒక్క చూపులో చెప్పగల తల్లి ఆ ఇంట్లో ఉండవచ్చు. ఛాతీ మీది వాక్యం మాత్రం ఆమెకు మూసిన తలుపు. కళాశాలల సాంకేతికోత్సవాల షర్టులపై ఇంగ్లీషే రాజ్యమేలుతున్నంత కాలం చదువు ఇంటికి తిరిగివచ్చినా గడప బయటే నిలుస్తుంది.

తెలుగులో ముద్రిస్తే అక్షరాలు విరుగుతాయన్నది తరచుగా వినిపించే సాకు. అందులో కొంత నిజముంది. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ తెలుగును అతికిస్తే ఒత్తులు విడివడి పక్కన పడేవి. అందుకే ముద్రణశాలలు అను లిపులను పట్టుకొని వేలాడాయి. కానీ ఈ సాకు చెప్పే సమాజం దానిని సరిదిద్దగల సమాజమే! దర్జీ ఈ మాట అంటే వినవచ్చు, ప్రోగ్రామరు అంటే వినడం కష్టం.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరరూపం సందేశంగా వస్తే చాలు, ఐఫోన్ అనువర్తనాలు కుప్పకూలాయి. హల్లు, విరామం, ఒత్తు, కంటికి కనబడని ఒక విడదీత సంకేతం, గుణింతపు గుర్తు కలిసిన ఆ వరుసను యంత్రం మోయలేకపోయింది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దానిని సవరించింది. సాంకేతిక సమాజానికి ఇంతకు మించిన తెలుగు నినాదం దొరకదు. ఆ ఒక్క అక్షరాన్ని షర్టుపై ముద్రిస్తే ప్రోగ్రామరు ఒక దోషచరిత్రను చదువుకుంటాడు. రాయదుర్గంలో కుట్టుమిషను ముందు కూర్చున్న, నాలుగక్షరాలు నేర్చిన స్త్రీ ‘జ్ఞానం’ అనే మాటకు మొదలును చదువుకుంటుంది. జకారం కింద ఞకారపు ఒత్తు పక్కకు జారకుండా అచ్చు వేయగల ముద్రణశాల మాత్రం దొరకాలి.