ఆకలికి పురుగుమందా?

కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్లో 3,229 మీటర్ల పొడవునా సొరంగాలు తొలిచింది నీళ్లే. వాననీరు నేలలో ఇంకుతూ మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. పలుచని ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగిస్తుంది, ఆ సున్నాన్ని బైకార్బొనేట్ రూపంలో మోసుకుపోతుంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహలను లోకం దృష్టికి తెచ్చే నాటికే ఏ కాలం నుంచో జరుగుతున్న పని అది. చూడడానికి వెళ్లినవాళ్లం పాతాళగంగ దాకా దిగి అబ్బురపడి వస్తాం. అదే చర్య మన పెరటి నిమ్మచెట్టు వేళ్ల చుట్టూ కూడా నడుస్తోందని మాత్రం తట్టదు. నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె వైపు పెరళ్లలో, డాబా మీది కుండీల్లో కొత్త చిగురు పాలిపోయి పసుపెక్కిందంటే మొదట అనుమానించాల్సింది ఆ సున్నాన్ని. మనం చేసేది వేరు. తెగులు అనేసుకుని పురుగుమందు తెస్తాం. ఈ తొందరే మన తోటపనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు అని నా వాదన.

ఇక్కడి నేలలో ఇనుము లేక కాదు మొక్క పాలిపోయేది. ఎర్రమట్టికి ఆ రంగు ఇనుముదే, నల్లరేగడిలోనూ దానికి కొదవ లేదు. కానీ సున్నం ఎక్కువగా ఉన్న మట్టిలో ఇనుము నీటిలో కరగదు, కరగనిదాన్ని వేరు పీల్చలేదు. నిమ్మ, మల్లె, వేరుశనగ లాంటి మొక్కలు తమ వేళ్ల నుంచి కాస్త ఆమ్లం వదిలి ఇనుమును కరిగించుకోవాలని చూస్తాయి. బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. పైగా కుండీలో నీళ్లు నిలిస్తే బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక మట్టిలోనే పేరుకుంటుంది, బైకార్బొనేట్ ఇంకా పెరుగుతుంది. వాడిపోతోందని రోజూ తడిపేకొద్దీ మొక్క ఇంకా పసుపెక్కడానికి కారణం ఇదే. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా కట్టే పొర చూశారుగా, కుండీ అంచున కనిపించే తెల్లటి గీతా అదే. సున్నాన్ని రోజూ చెంబుతో మనమే పోస్తున్నాం.

ఏది ఆకలి, ఏది రోగం అన్నది చాలావరకు ఆకే చెబుతుంది. ఇనుము అందకపోతే లేత ఆకులు ముందు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. నత్రజని చాలకపోతే అడుగున ఉన్న ముదురాకులు ముందు పసుపవుతాయి. ఎందుకంటే మొక్క నత్రజనిని పాత ఆకు నుంచి లాగి కొత్త చిగురుకు పంపగలదు, ఇనుమును అలా పంపలేదు. బెండకు వచ్చే పల్లాకు తెగులులో ఇదంతా తిరగబడుతుంది. ఈనెలే పసుపెక్కుతాయి, మధ్య భాగం మొదట్లో పచ్చగానే ఉంటుంది. అది వైరస్, మోసుకొచ్చేది తెల్లదోమ. చూసే కన్ను లేకపోతే శాస్త్రవేత్తలైనా పొరబడతారు. 1960ల్లో పంత్‌నగర్ పొలాల్లో వరి ఆకులు తుప్పు మచ్చలతో ఎండిపోతుంటే ఖైరా రోగం అన్నారు. అక్కడి శాస్త్రవేత్త వై.ఎల్. నెనే దాని వెంటపడి, అది జింకు లోపమని తేల్చారు. జింకు సల్ఫేట్ వేస్తే పైరు లేచింది. రోగక్రిమి లేనేలేదు.

'తేల్చుకునేలోగా పంట పోతుంది, ముందు ఒక మందు కొడితే నష్టమేముంది?' అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన భయమే. అయితే ఆ మందు చేసేదేమిటో చూడండి. ఇనుము లోపానికి అది పనికిరాదు. వైరస్ పట్టిన మొక్కనూ బాగుచేయదు, ఆ మొక్కను పీకి దూరంగా పారేయడమే దారి. ఆకు తిప్పి చూసినప్పుడు దోమో పేనుబంకో గుంపుగా కనిపిస్తేనే మందుకు అర్థం ఉంది, అప్పుడు కూడా వేపనూనెతో మొదలుపెట్టవచ్చు. ఏమీ లేనిచోట కొట్టిన విషానికి పోయేవి అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు. పేనుబంకను తిని బతికే ఆ రెండూ పోయాక రెండు వారాలకు నిజంగానే పురుగు పడుతుంది. పసుపు కనబడగానే గుప్పెడు యూరియా వేయడమూ ఇలాంటిదే. నత్రజని ఎక్కువైన మెత్తటి ఆకు పేనుబంకకు, పచ్చదోమకు విందు.

పశువుల ఎరువు చాలదా అన్నది ఇంకో ప్రశ్న. చాలావరకు చాలుతుంది. బాగా చివికిన ఎరువు ఇనుమును పట్టుకుని వేరుకు అందేలా ఉంచుతుంది, అందుకే ఏటా వేయాలి. కానీ దానికి నెలలు పడుతుంది, ఇవాళ పాలిపోయిన చిగురు అంతవరకు ఆగలేదు. అన్నభేదిని (ఇనుము సల్ఫేట్‌ను) మట్టిలో వేసినా సున్నం దాన్ని త్వరగా బిగించేస్తుంది. కాబట్టి ఆకు మీదే ఇవ్వాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, అప్పటికప్పుడే, ఎండ తగ్గాక పిచికారీ చేయాలి. వారం ఆగి మళ్లీ. కొత్త ఆకు పచ్చగా వస్తే మీ అనుమానం నిజమే. మార్పు లేకపోతే మట్టిని పరీక్షకు పంపండి. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, బనగానపల్లె పక్కన యాగంటిపల్లెలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఈసారి పురుగుమందుల దుకాణానికి బయలుదేరే ముందు ఒక లేత ఆకు, ఒక ముదురాకు కోసి వెలుతురుకు ఎదురుగా పెట్టి ఈనెలు చూడండి, ఆకు అడుగున కూడా చూడండి.