దారం లేని సూది

జరీనా హష్మీ 1977లో చేసిన పిన్ డ్రాయింగుల్లో రంగు లేదు, సిరా లేదు. తెల్లకాగితం మీద సూదితో పొడిచిన చిల్లులు, వాటి చుట్టూ లేచిన సన్నని అంచులు, ఆ అంచుల నీడలు. బొమ్మంతా అదే. వీటిని మినిమలిజమని, రేఖాగణితమని వివరించడం చదివినప్పుడల్లా, మరి సూది సంగతేమిటి అనిపించేది నాకు.

మా అమ్మ పెళ్ళి జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. ట్రేసింగ్ పేపరు మీద డిజైను గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తుంది. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన సుద్దపొడిని రుద్దితే చుక్కలు దిగుతాయి. కుట్టు ఆ చుక్కల మీద నడుస్తుంది. జాకెట్టుకి డబ్బులొస్తాయి. కాగితానికి విలువ లేదు. పిహెచ్‌డి రోజుల్లో స్త్రీలు రాసిన ప్రతి చీటీనీ భద్రపరిచిన నేనే, నా పుస్తకాలకు చోటు చాలక, ఆ చిల్లుల కాగితాలను పాత పేపర్లతో కలిపి తూకానికి వేశాను.

అందుకే జరీనా కాగితాల్లో నాకు అమ్మ కనిపించింది. అయితే ఈ పోలికని నేనే అనుమానించాలి. జరీనా అలీగఢ్‌లో గణితం చదివారు, పారిస్‌లో హేటర్ దగ్గర ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. న్యూయార్క్ ఫెమినిస్ట్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో కాగితం తయారీ నేర్పారు. 1980లో అనా మెండియెటా, కజుకో మియమోతోలతో కలిసి అమెరికాలోని మూడో ప్రపంచ స్త్రీల కళాప్రదర్శన నిర్వహించారు. సూది పట్టిందని ఆమెని కుట్టుపనిలోకి నెడితే ఆ చదువునీ, ఆ ఎంపికనీ చెరిపేసినట్టే. స్త్రీవాదం పేరుతో మనం చేసినా అది పాత అలవాటే.

మరి ఇద్దరినీ కలిపేదేమిటి? గుడ్డ మీద తప్పు కుట్టు పడితే విప్పొచ్చు, నేత సర్దుకుంటుంది. కాగితంలో పడిన చిల్లు పూడదు. అమ్మ పేపరు మీద ఒక్క చిల్లు ఎక్కువైతే గుడ్డ మీద చుక్క ఎక్కువవుతుంది. జరీనా కాగితం మీద అది బొమ్మనే మార్చేస్తుంది. దిద్దుకోవడానికి వీల్లేని ఆ పనికి కావలసిన నిలకడ ఇద్దరిదీ. తేడా ఒకటే: జరీనా చిల్లు తర్వాత వచ్చే దారం కోసం ఆగదు, దానంతటదే పని. అమ్మ చిల్లు ఇంకొక పనికి దారి. కళాచరిత్ర మొదటిదాన్ని గోడకెక్కించింది. రెండోదాన్ని దాచాలని నాలాంటి పరిశోధకులకే తోచలేదు.

మొన్న అమ్మతో, ఇకనుంచి పేపర్లు తేదీ వేసి ఉంచమన్నాను.

"చిల్లుల కాగితాలెందుకే?" అంది.

నా థీసిస్ మొత్తంలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఇప్పుడు వెతకడం మొదలుపెట్టాను.