ఇభరామశబ్దము – ఛందోవిమర్శనము

హైదరాబాదునకు ఆగ్నేయదిశను నాగార్జునసాగరము త్రోవలో నున్న ఇబ్రహీంపట్నము గోలకొండ సుల్తానగు ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన యూరు. అచ్చటి పెద్దచెఱువు ఆ ప్రభువు కాలమునాఁటిదే. ఆయన 1550 మొదలు 1580 వఱకు రాజ్య మేలెను. పట్టమునకు వచ్చుటకు పూర్వము సుమా రేడేండ్లు విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమున నుండెను. తెలుఁగు కవుల నాదరించిన గోలకొండ ప్రభువులలో ఆయన యగ్రగణ్యుఁడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకిత మొనర్చెను. ఊరిపేరున ఇబ్రహీ మని నిలిచిన యీ ప్రభువు తెలుఁగు కవిత్వమున ఇభరాముఁ డనియు మల్కిభరాముఁ డనియు ప్రసిద్ధుఁడు.

ఈ రూపభేదమునకు రెండు కారణములు ఊహింపవచ్చును. పరభాషాపదమును పలుకనేరక కవులు చెఱచి రనుట మొదటిది. ప్రభువును మెప్పించుటకై రామనామము చేర్చి రనుట రెండవది. రెండింటను కొంత సత్య ముండిన నుండవచ్చును. కాని పద్యము చెప్పఁబూనిన కవికి ఏ పేరైనను మొదట ధ్వని. అర్థము తరువాత వచ్చును. ఆ ధ్వని గణములలో నిముడవలెను, యతికి లొంగవలెను, ప్రాసమునకు సరిపడవలెను. ఈ మూఁడు పరీక్షలకును నిలిపి చూచినఁగాని ఇభరామశబ్దమును గూర్చి తీర్పు చెప్పుట తగదు. ఆ పరీక్షయే పద్యవిద్యకు మూలసూత్రములను విశదము చేయును.

మొదట గణములు. ఊరిపేరునే యెత్తికొందము. ‘ఇబ్రహీంపట్నము’ అనునప్పుడు ‘బ్ర’ అను సంయుక్తమునకు ముందున్న ఇకారము గురువు, ‘బ్ర’ లఘువు, ‘హీం’ గురువు. ఇది రగణము. పిదప ‘ట్న’కు ముందున్న పకారము గురువు; ‘ట్న’, ‘ము’ లఘువులు. ఇది భగణము. రగణ భగణములు రెండును ఇంద్రగణములే. కావున ఈ యూరిపేరు ద్విపదపాదమున మొదటి రెండు గణములుగా మార్పు లేకుండ నిలుచును. మఱియొక యింద్రగణమును, ఒక సూర్యగణమును చేర్చినచో పాదము పూర్తియగును.

ఊరిపేరు ఇంత సులభముగ నిమిడినను ప్రభువుపేరు కావ్యమంతటను అట్లు ఇముడదు. ఆ పేరునకు మూఁడు రూపములు గలవు. మూలభాషోచ్చారణమునకు దగ్గఱగా ‘ఇబ్రాహీం’ అన్నచో మూఁడు గురువులు వచ్చును, అది మగణము. వాడుకలో ‘ఇబ్రహీం’ అన్నచో రగణము. కవులు కైకొన్న ‘ఇభరామ’ రూపమున రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు; అది సలము. రగణమునకును సలమునకును మాత్ర లయిదే. అనఁగా వాడుకరూపమునకును కావ్యరూపమునకును కాలపరిమాణమున భేదము లేదు; గురులఘువుల కూర్పు మాత్రమే మాఱినది.

ఆ మార్పు వలన నేమి కలిగెనో చూడవలయును. ఉత్పలమాలయందును చంపకమాలయందును రెండు గురువులు పాదమధ్యమున నెచ్చటను ప్రక్కప్రక్కన రావు. కావున మూఁడు గురువుల ‘ఇబ్రాహీం’ ఆ రెండు వృత్తములలో నేపాదమునను నిలువదు. శార్దూలమున మొదటి మగణమునను, మత్తేభమున అయిదవదగు మగణమునను దానికి సరిగా స్థానము గలదు. గీతపద్యములలో గణాదిని మూఁడు గురువులు వచ్చుట కెడమే లేదు. ఏలయన ఇంద్రగణములలోఁ గాని సూర్యగణములలోఁ గాని మగణము లేదు. గురువుతో ముగియు ఇంద్రగణము వెనుక తగణము వచ్చినప్పుడు మాత్రము ఆ పేరు రెండు గణములపై వ్యాపించి నిలువఁగలదు. ఆటవెలఁది సరిపాదములలో అన్నియు సూర్యగణములే కావున అచ్చట ఆ యవకాశమును లేదు.

వాడుకరూపమగు ‘ఇబ్రహీం’ గీతములకును నాలుగు వృత్తములకును సరిపడును గాని కందమున చిక్కు కలిగించును. కందమునకు చతుర్మాత్రాగణము లుండవలెను. గురులఘుగురువులు గణాదిని మొదలైనచో మూఁడు మాత్రలు గడచిన పిదప వచ్చు గురువు గణపు హద్దును దాఁటును, అది కూడదు. ముందొక లఘువు చేర్చినచో లఘుగురులఘువులై జగణ మేర్పడును. ముందు రెండు మాత్రలు చేర్చినచో వెనుకటి గణమున జగణము తప్పదు. ఎట్లు చూచినను ఆ పేరు జగణమును వెంటఁబెట్టుకొనియే వచ్చును. జగణమో, కందమున బేసిగణములందు నిషిద్ధము. కాఁబట్టి ఇబ్రహీంశబ్దముతో కందపాదము నేదియు ఆరంభింపరాదు. నడుమఁ జేర్చినను సరిగణము వెదకికొనవలసినదే.

ఇభరామశబ్దమున కీ చిక్కు లేదు. గణాదిని ‘ఇభరా’ సగణ మగును. ‘మ’ పై గణమునకు మొదలగును. రెండు మాత్రల పిదప మొదలిడినను ‘ఇభ’ ముందు గణమును పూరించి, ‘రామ’ పై గణమును భగణముగ ప్రారంభించును. ప్రబంధముల యవతారిక చివర కృతిపతిని షష్ఠ్యంతములతో పేర్కొనుట ఆచారము. అవి సాధారణముగ కందములు. కందార్ధము గురువుతో ముగియవలెను. ‘ఇభరామునకున్’ అని చూడుఁడు: సగణము, మఱల సగణము, తుద గురువు. షష్ఠీవిభక్తితోఁ గూడిన యా పేరు కందార్ధాంతమున రెండు గణములను నిండుగ నాక్రమించును. కృతిపతిపేరు కిట్టి యనుకూలత కలుగుట కవికి సామాన్యలాభము కాదు.

రెండవది యతి. సంస్కృతమున యతి యనఁగా విరామము. అచ్చట పదము తెగవలెను. తెలుఁగున యతి యనఁగా పాదాద్యక్షరమునకు యతిస్థానమందలి యక్షరముతోడి మైత్రి. పదము తెగ నక్కఱ లేదు. మల్కిభరామశబ్ద మీ భేదమును చక్కఁగ చూపును. మలిక్ అను రాజవాచకము ముందు చేరిన యీ రూపమున ‘మల్కిభ’ భగణము, ‘రామ’ గలము. అనఁగా నొక యింద్రగణమును ఒక సూర్యగణమును. ద్విపదపాదమున నివి తుది రెండు గణము లగును. యతిస్థానము మూఁడవగణాదియే గనుక మకారమున కచ్చట మైత్రి కుదురవలెను. తేటగీతిలో నీ పేరే మూఁడవ నాలుగవ గణములుగ వచ్చినచో యతిస్థానము నామమధ్యమున ‘రా’మీఁదఁ బడును. అప్పుడు పాదాదిని అకారాకారాదులతోఁ గూడిన రేఫమో లకారమో యుండవలెను. పేరు నడుమ యతి పడుట వినువారికి లోపముగ తోఁపదు. ‘యతి విరామస్థానము’ అను సంస్కృతలక్షణమును తెలుఁగుపద్యమునకు వర్తింపఁజేసి పిల్లలకు బోధించినచో వారి చెవి తప్పుదారిని పోవును.

మూఁడవది ప్రాసము. వృత్తములకును కందమునకును నాలుగు పాదములలో రెండవయక్షరపు హల్లు ఒక్కటియే కావలెను. దాని ముందరి యక్షరము గురువైన అన్నిట గురువు, లఘువైన అన్నిట లఘువు కావలెను. ‘ఇబ్రహీం’ పాదాదిని వచ్చినచో ‘బ్ర’ ప్రాసమగును. గురుపూర్వకమైన బ్రకారము రెండవయక్షరముగాఁ గల పదములు మఱి మూఁడు సంపాదించుట ఎట్టివానికిని కష్టమే. ‘ఇభరామ’ యన్నచో ప్రాసము భకారము. సభ, శుభ, విభు, నభము, అభయము, ప్రభువు – ఇవి యన్నియు లఘుపూర్వకములే. పైఁగా రాజస్తుతికి తామై వచ్చు మాటలు. శబ్దము మాఱుటతో ప్రాసపు భాండారమే తెఱవఁబడినది.

ఇంతవఱకు ధ్వనివిచారము. అర్థ మీ ధ్వనిపై వచ్చి నిలిచినది. ఇభ మనఁగా ఏనుఁగు. రామ యనఁగా మనోహరుఁడు. విదేశనామము సంస్కృతసమాసమువలె వినఁబడి శ్లేషకు చోటిచ్చినది. ఇట్టి మార్పు క్రొత్తదియుఁ గాదు. సుల్తానుశబ్దము సంస్కృతశాసనములందు ‘సురత్రాణ’ యై, దేవతలను రక్షించువాఁ డను నర్థమును పొందినది. అందువలన రామనామము స్తుతికై చేరె ననువారిమాట పూర్తిగ త్రోసివేయఁదగినది కాదు. అయినను మూలనామమందలి బకార రేఫ హకార మకారములు చెదరిపోలేదు. బకారమును హకారమును కలిసి భకారమైనట్లు తోఁచుచున్నది. రేఫమును మకారమును ఉన్నచోటనే యున్నవి. పలుకనేరక చెఱచినవాని చేఁత యిట్లుండదు.

దీనికి ప్రతిముఖమైన ప్రయత్న మొకటి యా కాలముననే జరిగినది. పొన్నెగంటి తెలగనార్యుఁడు గోలకొండరాజ్యపు టధికారియు, పొట్లచెఱువువాసియు నగు అమీనుఖానునకు యయాతిచరిత్ర నంకితమిచ్చెను. అది తొలి యచ్చతెలుఁగుకావ్యము. చిన్నయసూరి బాలవ్యాకరణమున సంస్కృతమునకు ఏఁబది, తెనుఁగునకు ముప్పదియాఱు వర్ణములు లెక్కింపఁబడినవి. ఆ ముప్పదియాఱింట మహాప్రాణములు లేవు. కావున భకారప్రాసము అచ్చతెలుఁగున పుట్టదు. అచ్చట కవికి దిక్కు ద్విత్వములు – కన్ను, మిన్ను, వెన్న, అన్న వంటివి. బిందుపూర్వకములు – పండు, ఎండ, కొండ వంటివి. దీర్ఘసమాసముతో పాదమును నింపు సౌకర్యము పోయి, చిన్నచిన్న పదములు పాదమున తెగితెగి నడచును. వృత్తము మాఱకయే దాని గతి మాఱును. ఒకరు శబ్దమును సంస్కృతమువైపు త్రిప్పి ప్రాసమును పెంచుకొనిరి. ఒకరు సంస్కృతమును విడిచి క్రొత్తగతిని సాధించిరి. ఇద్దఱును చెవినే ప్రమాణముగఁ గొనిరి.

ఈ విచారమునకు పాఠపరిష్కరణమునఁ బ్రయోజనము గలదు. చారిత్రకశుద్ధిపై మక్కువచే నొకఁడు ఇభరామశబ్దమును తీసి మూలరూపమును పెట్ట నెంచిన ననుకొందము. ‘ఇబ్రాహీం’ అని దిద్దినచో ఉత్పలచంపకములు భగ్నమగును. ‘ఇబ్రహీం’ అని దిద్దినచో సలమునకు రగణము వచ్చుటచే గీతమున గణభంగము కనఁబడదు. దిద్దుబాటు సరియైనదే యని భ్రమ కలుగును. కాని కందమున నదే దిద్దుబాటు గణభంగమునకు దారితీయును. పాదాదిని ప్రాసభంగమును చేయును. మూఁడురూపములకును తొలియక్షరము ఇకారమే యగుట యతి మాత్రము పలుచోట్ల నిలిచి, తప్పును కప్పిపుచ్చును. కాఁబట్టి యే యొక్క లక్షణమును చూచియో పాఠమును నిర్ణయింపరాదు. గణ యతి ప్రాసములు మూఁడును కలిసి సాక్ష్యము చెప్పవలెను.

పాఠశాలలందు ఛందోలక్షణములను వల్లెవేయించి, గురులఘుచిహ్నములను గీయించి, అంతటితో విడుచుట పరిపాటి. అట్లు నేర్చిన విద్యార్థి గణములను గుర్తించును గాని వినఁడు. ఇబ్రహీంపట్నపు బడిలోని బాలుని కుదాహరణము కొఱకు దూరము పోనక్కఱలేదు. తన యూరిపేరును బిగ్గఱగఁ బలికి, ఎచ్చట నూఁదుచున్నాఁడో ఎచ్చట తేలుచున్నాఁడో చూచుకొనినచో రగణ భగణములు వానికే తెలియును. పిదప ఆ పేరే కందమున నేల మొదట నిలువదో యడిగినచో, జగణనిషేధ మేల యేర్పడెనో తెలిసికొనవలె నను కోరిక వానికే పుట్టును. లక్షణము కోరిక పుట్టిన పిదప చెప్పవలసినది.