పొలుసు మీద పొద్దు

పొద్దుటి వెలుగా, చెరువు కట్ట దిగి రా. రావల్కోల్ ఊరి వైపు రాతిగుండ్ల మీద, తుమ్మకొమ్మల మీద, నీళ్లను కమ్మిన గుర్రపుడెక్క మీద ఒక్కో అడుగే వేస్తూ రా. గాలానికి బొచ్చె పడింది. ఒంటి తడి ఆరకముందే దాన్ని ఫొటో తీయాలి, నువ్వు కావాలి.

నీకోసం ఇంత ఆరాటం ఎందుకంటే, బొచ్చెకు సొంత రంగు కొంచెమే. మిగతాదంతా నీ దగ్గర తీసుకున్నదే. దాని పక్కల మీద తళుక్కుమనేది రంగు కాదు. చర్మంలో గ్వానిన్ అనే పదార్థం పల్చటి పలకలుగా, పొర మీద పొరగా పేర్చి ఉంటుంది. వచ్చిన నిన్ను వచ్చినట్టే తిప్పి పంపడం ఆ పలకల పని. ప్రాణుల వంశచరిత్ర రాసి ఉన్న డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటి కూడా ఈ గ్వానినే. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది కదా, అక్కడ తెల్లకోట్లవాళ్లు గాజుగొట్టాల్లో చదివే అక్షరం, ఇక్కడ చెరువునీళ్లలో తిరిగే చేపకు ఒంటినిండా అద్దమైంది.

నీళ్లలో ఉన్నంతసేపు ఆ అద్దాలు చుట్టూ ఉన్న నీటినే చూపిస్తాయి. వెంటబడే వాలుగ కళ్లు మోసపోతాయి. గట్టుకు వచ్చాక ఏది ఎదురైతే దాన్నే చూపిస్తాయి: పట్టినవాడి ఎర్రచొక్కా, పక్కనున్న నీలం బకెట్టు, పైనున్న ఆకాశం. అందుకే నిన్ను చేప మీద గుమ్మరించకూడదు. దానికి ఎదురుగా విశాలంగా పరచాలి. బొచ్చెను కొంచెం అటూ ఇటూ వంచి చూస్తే, ఒకచోట తల నుంచి తోక దాకా ఆకాశం మొత్తం దాని పొలుసుల్లోకి దిగుతుంది. ఆ వాలు దొరికిందా, ఇక ఊపిరి బిగబట్టి నొక్కడమే.

మధ్యాహ్నపు వెలుగా, నీకూ దండమే, కాకపోతే దూరం నుంచి. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి హైదరాబాద్ నడినెత్తిన నిలబడతావు. పాతిన కర్రకు నీడ ఉండదు. చెరువులు అడుగంటి చేపలు చేతికందేదీ ఆ మే నెలలోనే, ఏం చేస్తాం! పొలుసు పొలుసుకూ ఒక తెల్లమంట పెడతావు, టోపీ కింది మొహాన్ని మసి చేస్తావు. తుమ్మనీడలోకి పరిగెత్తితే ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా రాలి చేపకు లేని మచ్చలు పెడతావు. అప్పుడు గోడనీడ నయం, నిలబెట్టిన ఆటోనీడ నయం, అడ్డంగా నిలబడ్డ తమ్ముడి నీడైనా నయమే. ఫోన్‌లో చేప మీద వేలు పెట్టి, పక్కన వచ్చే చిన్న సూర్యుణ్ని కిందికి జరిపితే కాలిపోయిన తెలుపు మళ్లీ వెండిగా తేరుకుంటుంది.

రాత్రిపూట ఫ్లాష్ కొట్టేవాళ్లకు ఒక్కమాట. అది వెలుగుకు చుట్టమని చెప్పుకుంటుంది, నమ్మకండి.

నీ తళుకును పట్టాలని ఎందరు చూశారు! బొచ్చెకు, రవ్వకు శాస్త్రలోకంలో పేర్లు పెట్టిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకం 1822లో వచ్చింది. అందులోని బొమ్మల గీత ఎంత చక్కనిదైనా దానికి తడి అంటదు. జపాన్ జాలర్లు చేపకు సిరా పూసి కాగితం మీద అచ్చుతీశారు, నీతో పనే లేకుండా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ వేటల ఫొటోలు తీశారు. పులి చచ్చినా చారలు చెదరవు, కెమెరా సర్దుకునేదాకా ఆగుతాయి. బొచ్చె ఆగదు. జిగురు ఆరుతున్నకొద్దీ అద్దాలకు మసక పడుతుంది. చెంబుడు నీళ్లు చల్లి, అంటిన మట్టి కడిగి, మళ్లీ నిన్ను పిలవాలి.

ఇక కొర్రమట్ట. ఈ దొర కథే వేరు. తెలంగాణ రాష్ట్ర చేప. గాలి పీల్చగలడు కాబట్టి గట్టున కూడా తొందరపడడు. వీడి ఒంటికి అద్దాలతో పనిలేదు, వీపంతా నలుపు, పక్కల మీద ఏటవాలు చారలు. మబ్బు కింద పెడితే నానిన కట్టెలా పడుంటాడు. వీడికి నువ్వు పక్కనుంచి, నేలకు దగ్గరగా, ఏటవాలుగా రావాలి. పొద్దు పొడిచిన కాసేపటికో, గుంకబోయే ముందో వచ్చి వీపు నిమిరితే ఆ నలుపులోంచి ఆకుపచ్చ పలుకుతుంది, రాగి పలుకుతుంది, పాములాంటి ఆ తల మీద ప్రతి పొలుసూ విడివిడిగా లేస్తుంది. నన్నడిగితే అద్దాల చేపల కంటే ఈ నల్లవాడి మీదే నీ పనితనం తెలుస్తుంది.

కాబట్టి వెలుగా, మృగశిర దగ్గరపడుతోంది. పట్నమంతా చేపల కోసం బజార్ల మీద పడే ఆ పొద్దున మేం కట్ట మీదే ఉంటాం. కెమెరా తుడిచి పెట్టుకున్నాం. బొచ్చె పడితే ఒక పల్చటి మబ్బును పంపు. కొర్రమట్ట పడితే ఆ మబ్బును కాస్త పక్కకు జరుపు. రెండూ ఒకేసారి పడితే ముందు బొచ్చెకే మబ్బు, కొర్రమట్ట నీళ్ల బకెట్లో ఆగుతాడు.