బిట్ పేపరులో రాజ్యాంగం

32వ అధికరణను రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నదెవరు? ఈ ఒక్క మార్కు ప్రశ్నకు పదో తరగతి పిల్లలు తడుముకోకుండా బాబాసాహెబ్ పేరు చెబుతారు. ఆయన ఆ మాట ఎందుకన్నారని అడిగితే మాత్రం మౌనమే. హక్కు కాగితం మీద ఉండటం ఒక ఎత్తు, దానికి భంగం కలిగినప్పుడు న్యాయస్థానం తలుపు తట్టగలగడం మరొక ఎత్తు. హైస్కూలు పౌరశాస్త్ర బోధన మీద మా అభ్యంతరం ఇదే. పేర్లు, అంకెలు చెబుతున్నారు. వాదించడం నేర్పడం లేదు.

నేర్పదలిస్తే బడి పిల్లల కేసే ఒకటుంది. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి తీసేశారు. వాళ్లు పది, తొమ్మిది, అయిదు తరగతులు చదువుతున్నారు. జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడ్డారు గానీ, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అదే బిజో ఇమ్మానుయేల్ కేసు. తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవారే. పాడి తీరాలని ఏ చట్టం చెబుతోంది? తీర్పుకు కీలకం ఈ ప్రశ్నే. విద్యాశాఖ సర్క్యులర్లు ఉన్నాయి, కానీ వాటికి చట్టబలం లేదు. కనుక 19, 25 అధికరణల హక్కులను వాటితో అడ్డుకోలేరు. తరగతిలో సగంమంది బడి తరఫున, సగంమంది ఆ పిల్లల తరఫున వాదిస్తే ఈ పాఠం జన్మలో మరచిపోరు.

దీనితో మనకేం పని అనుకోవద్దు. బడి రికార్డులో బౌద్ధమని రాయిస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందన్న భయం మన వాడల్లో ఇంకా ఉంది. ఆఫీసులో ఎవరో ఆ మాట అంటారు, తండ్రి తలవంచుకుని తిరిగొస్తాడు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా మొదట ప్రధానంగా హిందువులకే పరిమితం. 1956 సవరణతో సిక్కులు, 1990 సవరణతో బౌద్ధులు అందులో చేరారు. ఇది చదివిన కూతురు పక్కనుంటే, "మీరు చెప్పేది ఏ చట్టంలో ఉందండీ?" అని అడుగుతుంది.

అక్కడితో ఆగితే అది మన లాభం చూసుకున్న వాదనే అవుతుంది. పక్కింటి దళిత క్రైస్తవుల పిల్ల "మరి నాకెందుకు లేదు?" అంటే మన పిల్ల జవాబు వెతకాలి. ఎదుటివారి ప్రశ్నను తన ప్రశ్నగా తీసుకోవడమే వాదనలో కష్టమైన భాగం.

ఎవరో చెప్పారని కాక, పరీక్షించి స్వీకరించమన్నాడు తథాగతుడు. బడి నేర్పేదాకా ఆగనక్కర్లేదు. ఆదివారం విహారంలో వందన అయ్యాక పిల్లలకు ఒక గంట, ఒక కేసు ఇద్దాం. మనం పక్కన కూర్చుని విందాం.