ఈఁకల పులి: వేషరూప వివేచనము

మెక్సికోదేశపు అజ్టెక్కుల చిత్రలిఖిత గ్రంథములయందు పక్షిశిరస్కులును వ్యాఘ్రశిరస్కులును నగు యోధులు కానవచ్చుచున్నారు. అహోబిల నృసింహమూర్తులను సేవించిన తెలుఁగువారికి ఆ చిత్రములను జూడఁగానే యవియు నరమృగరూపములే యని తోఁచుట సహజము. ఈ సాదృశ్యము పరీక్షకు నిలుచునా యనునది విచార్యము.

వ్యాకరణమర్యాద యిచట తోడ్పడును. పురుషవ్యాఘ్రుఁడు, పురుషర్షభుఁడు అనుచోట పురుషుఁడు పురుషుఁడే. వ్యాఘ్రమును ఋషభమును ఉపమానములు. సాధారణధర్మము ప్రయోగింపఁబడని యెడనే పాణిని యీ ఉపమితసమాసమును విధించెను. నంద్యాల చుట్టును గల నవనందులయందు ఉపమాన మేమియు లేదు, వృషభాకృతియే నంది. ఆళ్లగడ్డకు సమీపమున నున్న అహోబిలమునందలి నవనారసింహ క్షేత్రములలోను అంతియే. స్వామి సింహముఖము స్వరూపమే కాని పైఁ దొడిగినది కాదు. దాని వెనుక వేఱొక మానవముఖము లేదు. కావున ఉపమానము ఒకటి, స్వరూపము మఱియొకటి. అజ్టెక్కుల యోధుఁడు ఈ రెంటిలో దేనియందును జేరఁడు.

అజ్టెక్కుల రాజధాని 1521లో స్పానిషువారికి వశమయ్యెను. 1541 ప్రాంతమున దేశీయ చిత్రకారులు రచించిన మెండోజా గ్రంథము ఇపుడు ఆక్స్‌ఫర్డునందలి బోడ్లీయన్ గ్రంథాలయమున నున్నది. అందు మూఁడు ప్రమాణములు గలవు. మొదటిది: జాగ్వారను మచ్చలపులి వేషము దాల్చిన యోధుని మానవముఖము పులినోటి నడుమనుండి స్పష్టముగ నగపడును, పులితల శిరస్త్రాణము మాత్రమే. రెండవది: కప్పముల పట్టికలో అట్టి వేషమే ధరించువాఁడు లేక, డాలుతోఁ గూడ, వట్టిగాఁ జిత్రింపఁబడినది. అది దేహమే యైనచో కప్పముగాఁ బంపుట యెట్లు? మూఁడవది: ఆ పులి చర్మముతోఁ గాక ఈఁకలతోఁ గూర్పఁబడినది, నీలవర్ణపు పులియుఁ గలదు. నీలపు పులి లోకమున లేదు, నీలపు ఈఁకలు గలవు.

అయినను ఆ పట్టికలో ఈఁకవలెఁ దోఁచునదెల్ల ఈఁక కాదు. ధ్వజము 20 సంఖ్యకును, ఈఁకను బోలిన గుఱుతు 400 సంఖ్యకును సంకేతములు. సంకేత మెఱుఁగక రూపమును మాత్రమే చూచినవాఁడు సంఖ్యను అలంకార మనుకొనును, వేషమును దేహ మనుకొనును.

వేషముతోడనే పదవియుఁ జెప్పఁబడినది. ఇరువురు శత్రువులను సజీవముగఁ బట్టినవాని కొక వేషము, నలువురను బట్టినవానికి వ్యాఘ్రవేషము. పీర్లపండుగకును దసరాకును మన యూళ్లలోఁ గట్టు పులివేషము పండుగతో ముగియును. అది ఎవరి పదవిని దెలుపదు. ఈఁకల పులి యట్లు గాదు. ధరించినవాని పరాక్రమమునకు గుఱుతు. ఆ ఈఁకల పనియు సామాన్యము కాదు. సహగూను అను స్పానిషు సన్న్యాసి పర్యవేక్షణమున 1577 నాఁటికి సిద్ధమైన ఫ్లారెంటైన్ గ్రంథము తొమ్మిదవ భాగమునందు అమాంతెకులను శిల్పులు ఈఁకలను దారముతోఁ గట్టు విధమును, జిగురుతో నంటించు విధమును విపులముగ వర్ణితములు.

కావున వ్యాఘ్రవేషధరుఁడగు యోధుఁడు వ్యాఘ్రయోధుఁడని మధ్యమపదలోపముగ విగ్రహము చెప్పుటయే యుక్తము. వానిని మృగరూపుఁడనియో రాక్షసుఁడనియో తలఁచినచో నడిమి పదముతోఁ బాటు ఈఁకలు గూర్చిన శిల్పి శ్రమయు, కప్పము మోసిన జనపదముల భారమును లోపించును. సమాసమున లోపించిన పదమును అర్థమునందు నిలుపుట వైయాకరణుని ధర్మము. చిత్రములను జదువువారికిని అదియే ధర్మము.